పదిహేను పడవలు

చిలోయే దీవిలో వాన ఇంటిమనిషి.
వచ్చిందా అని ఎవరూ అడగరు,
వెళ్ళిందా అని అడుగుతారు.
గడ్డ కూడా అలాగే వచ్చింది,
ఉన్నిబుట్ట ఎత్తుతుంటే, కుడి చంక దగ్గర,
ఆలుచిప్పంత కాదు, శనగగింజంత.

డాక్టర్ ఒయార్సూన్‌కి నా మనవరాలి వయసుంటుందేమో.
మందుచీటీ వెనక రెండు గీతలు గీసింది.
"ఇటైతే గడ్డా, దాని చుట్టూ కొంచెమూ తీస్తాం.
రొమ్ము ఉంటుంది. తర్వాత పదిహేను రోజులు రేడియేషన్.
అటైతే మొత్తం తీసేస్తాం.
మీ విషయంలో అప్పుడు రేడియేషన్ అక్కర్లేకపోవచ్చు.
ఏ దారినైనా ఆయుష్షులో తేడా లేదమ్మా."

ఆయుష్షులో లేకపోతే
తేడా ఎక్కడుందో వెతుక్కోవడం నా పనన్నమాట.

రేడియేషన్ మిషన్ జలసంధికి అవతల ఉంది.
చీకటితో బస్సు, బస్సుతో సహా పడవ, మళ్ళీ బస్సు.
బల్లమీద పది నిమిషాలు.
మళ్ళీ బస్సు, పడవ, బస్సు, చీకటి.

మా వీధి ఓతీలియా మొత్తం తీయించుకుంది.
"జబ్బుకి కాదు ఎర్మెలిందా, పడవకి భయపడ్డాను.
దుంపలు తవ్వే నెల. ఎవరు తవ్వుతారు?"
ఆమె తప్పేం చేయలేదు.
జాకెట్టు లోపల మడిచిన చేతిరుమాలు పెట్టుకుని
ఆదివారం చర్చిలో పాడుతుంది,
ఎప్పట్లాగే, కాస్త శ్రుతి తప్పి.

నేను మగ్గం మనిషిని.
చిమ్మెట కొట్టిన కంబళ్ళు ఎన్ని చూడలేదు?
కొన్నిటికి చిల్లు వరకే కత్తిరించి రఫ్ఫు చేశాను,
కొన్నిటిని మొత్తం విప్పి ఉండ చుట్టాను.
ఏది ఎందుకో చేతులకి తెలిసేది,
నోటికి చెప్పడం వచ్చేది కాదు.
మూడు రాత్రులు చేతుల్నే అడిగాను.
నాలుగో పొద్దున పడవ టిక్కెట్టు ఎంతని అడిగాను.

కోత అయ్యాక, పడవలకి ముందు, కీమో.
బీట్‌రూట్ రసంలాంటి ఎర్రమందు
చుక్కలు చుక్కలుగా నాలోకి దిగుతుంటే
పక్క కుర్చీ ముసలాయన గురక పెట్టేవాడు.
చెంచా నాకినట్టు ఇనపరుచి.
పీతలపులుసు వాసనకి గుమ్మం దాటి పారిపోయాను,
నా పొయ్యిమీద నేనే పెట్టిన పులుసుకి.

జుట్టు దిండుకి అంటుకోవడం మొదలయ్యాక
లిసార్దో గొర్రెకత్తెర తెచ్చాడు.
"కదలకు" అన్నాడు, గొర్రెలతో అనే గొంతుతోనే.
ఇద్దరం నవ్వాం. ఆయన ముందు ఆపేశాడు.

నలభై ఏళ్ళుగా దీవి తలలకి టోపీలు అల్లినదాన్ని,
నా బోడితల నా ఉన్నిని ఓర్చుకోలేదు. ఒకటే దురద.
మనవరాలి పాత నూలుచొక్కా చింపి తలకి చుట్టుకున్నాను,
దానిమీద ఒక డైనోసార్ బొమ్మ.

ఇక పడవలు.
మూడోరోజుకి టిక్కెట్లబ్బాయి పేరుపెట్టి పిలిచాడు.
ఐదోరోజు ఒక సముద్రసింహం పక్కనే తేలి
నన్ను కాదు, నా రొట్టెను చూసింది.
పదోరోజుకి చర్మం ఎండలో మరిచిపోయిన చేపలా కమిలింది.
పదకొండోరోజు గాలి. రేవు మూసేశారు.
బస్సులో కూచుని ఏడ్చాను, గడ్డకి ఏడవనిదాన్ని,
ఒక్క పోగు తప్పితే నేతంతా పోతుందని.
ఫోన్లో ఎవరో అమ్మాయి ఆవులించి చెప్పింది:
"పరవాలేదండీ, చివర్లో ఒకరోజు కలుపుతాం."
అంత మామూలు మాట
ఆ ఏడాదంతా నాకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు రోజుకో మాత్ర, ఐదేళ్ళు.
రాత్రుళ్ళు ఒళ్ళు కుంపటి. కిటికీ తెరిస్తే
లిసార్దో మూడు కంబళ్ళు కప్పుకుంటాడు.
బరువులు ఎడమచేత్తోనే మోస్తున్నాను.
వేలికొసలు ఇంకా మొద్దుబారే ఉన్నాయి,
పురి బిగువో వదులో చెప్పవు.
అందుకని పోగుని పెదవికి ఆనించి చూస్తున్నాను.
పెదవికి తెలుస్తోంది.

మొన్నొక కంబళి దించాను.
నడిమధ్యన తెగి ముడేసినచోటు కనిపిస్తూనే ఉంది.
దాచలేదు.
కొనేవాళ్ళు వేలుపెట్టి చూపిస్తే
అవునంటాను.
ధర మాత్రం తగ్గించను.